ఇవి అడగొచ్చా అని అడిగిన ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో "ఒంటి గురించి ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్న ఉంటే రాయండి, పేరు వేయం" అన్నాం. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు క్షమాపణతోనే మొదలయ్యాయి. క్షమాపణ దేనికండీ? ముట్టు, చెమట, మలం, వీర్యం ఇవన్నీ మనిషి మనిషి కాకముందు నుంచీ ఉన్నవే. వాటి వెనక ఉన్న కథ తెలిస్తే భయం చాలావరకు పోతుందని నేను గట్టిగా నమ్ముతాను, అందుకే దాచకుండా రాస్తున్నాను.

ప్రశ్న: మాది ఉమ్మడి కుటుంబం. నెలసరి వస్తే నేనూ మా ఆడపడుచూ మూడు రోజులు వెనక వరండాలో పడుకోవాలి. ముట్టుకుంటే ఆవకాయ బూజు పడుతుందనీ, దగ్గరికి వెళ్తే తులసి మొక్క వాడిపోతుందనీ మా అత్తగారు అంటారు. ఆవిడ చెడ్డమనిషి కాదు, నిజంగానే నమ్ముతారు. ఆ రక్తంలో విషం ఏదైనా ఉంటుందా? ఆవుకీ మేకకీ లేని ఈ బాధ మనకే ఎందుకు?
— ఒక సోదరి, తణుకు

జవాబు: విషం లేదమ్మా. ఈ అనుమానం మీ అత్తగారికి ఒక్కరికే వచ్చింది కాదు. 1920లో వియన్నాలో బెలా షిక్ అనే పిల్లల డాక్టరు, డిఫ్తీరియా పరీక్షకు తన పేరు పెట్టేంత పేరున్నవాడు, ఇంట్లో పనిచేసే అమ్మాయి ముట్టులో ఉండగా పట్టుకున్న పూలు వాడిపోయాయని గమనించి, ముట్టు ఆడవాళ్ల ఒంట్లోంచి ఒక విషం వస్తుందని ప్రకటించాడు. దానికి 'మెనోటాక్సిన్' అని పేరు పెట్టాడు. ఆ విషం కోసం తర్వాత ఎంతోమంది వెతికారు, అలాంటిదేదీ లేదని తేలింది. అంత చదువుకున్నాయనే అలా పొరబడ్డాడంటే మీ అత్తగారిని తప్పు పట్టనక్కర్లేదు, కానీ ఆవిడ మాట నిజమూ కాదు. ఆవకాయ ఎందుకు బూజు పడుతుందో ఆవిడకే బాగా తెలుసు: ముక్కలు తుడవకుండా కలిపినా, ఉప్పు తగ్గినా, పైన నూనె తేలకపోయినా, ఎవరైనా తడి గరిటె పెట్టినా. ఆ తడి గరిటె పట్టుకున్న చెయ్యి ఎవరిదైనా బూజు ఒకటే.

ఇక రెండో ప్రశ్న, ఇది చాలా మంచి ప్రశ్న. పాలిచ్చే జంతువులు ఆరు వేల జాతులకు పైగా ఉంటే, వాటిలో ముట్టు అయ్యేవి నూటికి రెండు కూడా ఉండవు. మనం, చింపాంజీలు, చాలా రకాల కోతులు, కొన్ని గబ్బిలాలు, ఎలిఫెంట్ ష్రూ అనే చిన్న జంతువు, ఒక రకం ముళ్ల ఎలుక, అంతే. (కుక్కకు వస్తుంది కదా అంటారు. అది ముట్టు కాదు. ఎదకు వచ్చే ముందు కనిపించే రక్తం, దాని కారణం వేరు.) చాలా జంతువుల్లో పిండం వచ్చి "నేనున్నాను" అని కబురు పెట్టాకే గర్భాశయం లోపలి పొర కాన్పుకు తగ్గట్టు మారుతుంది. మన ఒంట్లో అలా కాదు. పిండం ఉన్నా లేకపోయినా ప్రతి నెలా తల్లి సొంత హార్మోనే ఆ పొరను పూర్తిగా మార్చేస్తుంది. అలా మారిన కణాలు వెనక్కి పాత స్థితికి రాలేవు. పిండం రాకపోతే హార్మోన్ పడిపోతుంది, పొర ఊడిపోతుంది, అదే ముట్టు.

మరి అంత తొందర ఎందుకు? మనిషి పిండం చాలా గట్టిపిండం కాబట్టి. దాని మాయ తల్లి గర్భాశయంలోకి లోతుగా చొచ్చుకుపోయి, రక్తనాళాలను తెరిచి, నేరుగా తల్లి రక్తంలోంచే తిండి తీసుకుంటుంది. బిడ్డకు వీలైనంత ఎక్కువ కావాలి, తల్లికి ఈ బిడ్డతో పాటు తన ప్రాణమూ, ముందు పుట్టినవాళ్లూ, ఇంకా పుట్టబోయేవాళ్లూ కావాలి. ఈ లాగులాటను డేవిడ్ హేగ్ అనే పరిణామ శాస్త్రవేత్త 1993లో వివరంగా రాశాడు. మనుషుల్లో క్రోమోజోముల లోపంతో ఏర్పడే పిండాలూ ఎక్కువే. అందుకని తల్లి ఒళ్లు ముందే తయారై కూర్చుంటుంది, బలమైన పిండాన్ని నిలుపుకుంటుంది, నిలవలేనిదాన్ని తొలిరోజుల్లోనే వదిలేస్తుంది. ముట్టు ఈ జాగ్రత్తకు మనం కడుతున్న ఖర్చు అని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్న వివరణ. ఒంట్లోని చెడు రక్తం బయటికి పోవడం అనే మాటకు దీంట్లో చోటే లేదు. పోయేది కూడా నెలకు సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తమే.

ఇంకో సంగతి మీ అత్తగారితో తప్పకుండా చెప్పండి. ఆఫ్రికాలోని మాలి దేశంలో డోగాన్ అనే జనం ఉన్నారు, వాళ్లలోనూ ముట్టు ఆడవాళ్లను వేరే గుడిసెలో ఉంచే ఆచారం ఉంది. బెవర్లీ స్ట్రాస్‌మన్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి వాళ్ల మధ్య ఉండి లెక్కతీస్తే, గర్భనిరోధక సాధనాలు లేని ఆ ఆడవాళ్లకు జీవితం మొత్తం మీద వచ్చే ముట్లు దాదాపు 100. ఎందుకంటే ఎక్కువకాలం కడుపుతోనో పాలిస్తూనో ఉంటారు. ఒకరిద్దరు పిల్లలతో ఆపేసే నేటి ఆడవాళ్లకు అవి 400 దాకా వస్తాయి. నెలకు మూడు రోజుల చొప్పున లెక్కేయండి, మూడేళ్లకు పైగా వరండాలోనే గడుస్తుంది! ఎనిమిదిమందిని కన్న ముత్తవ్వ కాలంలో ఆ ఆచారం ఎంత బరువో, ఇప్పుడు దానికి ఎన్నో రెట్లు బరువు. కొందరు "అది విశ్రాంతి కోసం పెట్టారు" అంటారు. విశ్రాంతే అయితే మంచం, ఫ్యాను, వేడి అన్నం ఇవ్వాలి, వద్దు అంటే వదిలేయాలి.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. హస్తప్రయోగం అలవాటు ఉంది, నిద్రలో కూడా పోతుంది. నలభై రక్తపు చుక్కలు ఒక వీర్యపు చుక్క అని చదివాను. గోడల మీద "నరాల బలహీనత" ప్రకటనలు చూస్తే టెన్షన్ వస్తోంది. జంతువులు ఇలాంటివి చేయవు కదా, మనిషే పాడైపోయాడా?
— పేరు వద్దు, వరంగల్

జవాబు: బాబూ, ముందు ఆ నంబరుకు ఫోన్ చేయకు, డబ్బు కట్టకు.

రక్తం మరిగి వీర్యం అవదు. అందులో ముప్పాతిక వంతు దాకా వీర్యకోశాల నుంచి వచ్చే ద్రవం, మిగతాది చాలావరకు ప్రొస్టేట్ గ్రంథిది, వీర్యకణాలు వందకు ఐదు భాగాలు కూడా ఉండవు. ఆ కణాలు వృషణాల్లో సెకనుకు వెయ్యికి పైగా తయారవుతూనే ఉంటాయి. వాడినా వాడకపోయినా పాతవి పోతాయి, కొత్తవి వస్తాయి. నిద్రలో పోవడం అందుకే జబ్బు కాదు. ఈ భయంతోనే నీరసం, గుండెదడ, నిద్రలేమి తెచ్చుకుని డాక్టర్ల దగ్గరికి వచ్చే కుర్రాళ్లు మన దేశంలో ఎంతమంది అంటే, డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యుడు 1960లోనే దీనికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. నీరసం నిజమే, కానీ అది వీర్యం పోవడం వల్ల వచ్చింది కాదు, భయం వల్ల వచ్చింది.

జంతువులు చేయవన్నది కూడా తప్పు. 2023లో మటిల్డా బ్రిండిల్ బృందం కోతి జాతులన్నింటి సమాచారం కలిపి చూస్తే, ఈ అలవాటు కనీసం 4 కోట్ల ఏళ్ల కిందటి మన ఉమ్మడి పూర్వీకుల్లోనే ఉందని తేలింది. మగవాటి మధ్య పోటీ ఎక్కువ ఉన్న జాతుల్లో ఇది ఎక్కువట. గలపగోస్ దీవుల్లో సముద్రపు ఇగువానా అనే ఉడుము లాంటి జీవి ఉంది. చిన్న మగవి ఆడదాన్ని చేరేసరికి పెద్ద మగవి వచ్చి తోసేస్తాయి, కలయిక పూర్తయ్యేంత టైం దొరకదు, అందుకని అవి ముందే వీర్యం సిద్ధం చేసి ఉంచుకుంటాయి. నువ్వు పాడైపోలేదు. చదువుకీ నిద్రకీ అడ్డం వస్తోందంటే అది వేరే సంగతి, అప్పుడు మంచి సైకియాట్రిస్టుతో మాట్లాడు, అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ప్రశ్న: మా అత్తయ్య కొడుకుని పెళ్లి చేసుకోమంటున్నారు. నాకు మూడేళ్లప్పుడు మామయ్య పోతే అత్తయ్యా బావా మా ఇంటికే వచ్చేశారు, అప్పట్నుంచీ ఒకే కంచంలో తిని పెరిగాం. బావ చాలా మంచివాడు. కానీ పెళ్లి అనగానే కడుపులో తిప్పుతోంది. "వరసైనవాడే కదా, అన్న కాదు కదా" అంటున్నారు. నా మనసులోనే ఏదైనా లోపం ఉందా?
— ఒక అమ్మాయి, కర్నూలు జిల్లా

జవాబు: లోపం లేదు తల్లీ. నీ మనసు చేయాల్సిన పనే చేస్తోంది.

ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ అనే ఫిన్లాండ్ పండితుడు 1891లోనే ఒక మాట అన్నాడు: పసితనంలో కలిసి పెరిగినవాళ్ల మధ్య పెద్దయ్యాక కోరిక పుట్టదు, అంతే కాదు, ఆ ఊహకే వెగటు వేస్తుంది. కారణం తేలికే. ఒకే తల్లి పిల్లలు కలిస్తే పుట్టే పిల్లలకు జబ్బులెక్కువ. కానీ ఎవరు తోబుట్టువో చెప్పే చీటీ ఎవరి నుదుటా ఉండదు కాబట్టి ఒళ్లు ఒక సులువైన గుర్తు పెట్టుకుంది, 'చిన్నప్పుడు ఎవరితో కలిసి పెరిగానో వాళ్లు నా వాళ్లు' అని. ఆ గుర్తుకు మన వరసలు తెలియవు. బావ అని మనం పిలవొచ్చు, లోపల రాసుకున్నది మాత్రం అన్న అనే.

దీనికి గట్టి సాక్ష్యం తైవాన్‌లో దొరికింది. అక్కడ పేద కుటుంబాల్లో పసిపిల్లను తెచ్చుకుని, కొడుకుతో పాటు పెంచి, పెద్దయ్యాక అతనికే చేసే పద్ధతి ఉండేది. రక్తసంబంధం ఏమీ లేదు, ఊరంతా ఒప్పుకున్న పెళ్లి, అయినా ఆర్థర్ వోల్ఫ్ అనే ఆయన పాత జనాభా రికార్డులు తిరగేస్తే అలాంటి జంటల్లో విడాకులు బాగా ఎక్కువ, పిల్లలు బాగా తక్కువ. పిల్ల ఎంత చిన్నప్పుడు వస్తే అంత ఎక్కువ ఈ ప్రభావం. ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్ అనే ఉమ్మడి బతుకు పల్లెల్లో పిల్లలందరినీ గుంపుగా పెంచేవారు. అక్కడ 1971లో జోసెఫ్ షెఫర్ అనే పరిశోధకుడు 2,769 పెళ్లిళ్లు చూస్తే, మొదటి ఆరేళ్లూ విడవకుండా కలిసి పెరిగినవాళ్లు ఒక్కరూ ఒకరినొకరు చేసుకోలేదు. అలా పెరిగినా ఇష్టపడినవాళ్లు ఉన్నారని తర్వాతి పరిశోధకులు చూపించారు, కాబట్టి ఇది తప్పకుండా జరిగే విషయం కాదు, ఎక్కువమందిలో కనిపించేది.

మరి మన ఊళ్లలో ఇన్ని మేనరికాలు ఎలా నడిచాయి అంటావేమో. మామూలుగా మేనత్త వేరే ఊరికి కోడలిగా వెళ్తుంది, బావామరదళ్లు సెలవులకూ పెళ్లిళ్లకూ కలుస్తారు, చిన్నప్పట్నుంచీ అందరూ వాళ్లను ఆటపట్టిస్తూనే ఉంటారు. ఒకే గదిలో పడుకుని, ఒకరి చీమిడి ఇంకొకరు తుడుస్తూ పెరగరు. మీ ఇంట్లో జరిగింది అదీ.

ఇంట్లో అందరికీ అర్థమయ్యే ఇంకో లెక్క కూడా ఉంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి. సొంత మేనమామనే చేసుకుంటే నాలుగో వంతు. మామూలు జంటలకు పుట్టే పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు నూటికి రెండు మూడు ఉంటే, మేనరికాల్లో అది దాదాపు రెట్టింపు. అంటే ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు, అది కూడా నిజమే, భయపెట్టి గెలవాలని చూడకు. కానీ మీ తాతల తరం నుంచీ వరసగా మేనరికాలే అయితే ఉమ్మడి భాగం పెరుగుతూ పోతుంది.

నువ్వు ముందు బావతోనే మాట్లాడు. అతనికీ ఇదే అనిపిస్తూ, అత్తయ్య కోసమో, మీ నాన్న పెంచిన రుణం కోసమో నోరు విప్పలేకపోతుండొచ్చు. ఇద్దరూ కలిసి చెబితే పెద్దవాళ్లు వినే అవకాశం ఎక్కువ. అతనికి ఇష్టమే అయినా సరే, నీకు ఇష్టం లేకపోవడం ఒక్కటే చాలు.

ప్రశ్న: మా ఏడు నెలల బాబు డైపర్ మార్చడం నాకేమీ అనిపించదు. తోడికోడలి పిల్లవాడిది మార్చమంటే వాంతి వస్తుంది. ఆవిడ "నా కొడుకంటే నీకు అసహ్యం" అని మాటలు మానేసింది. నేను చెడ్డదాన్నా?
— గుంటూరు నుంచి ఒక తల్లి

జవాబు: ఆవిడకు ఈ జవాబు చదివి వినిపించండి. 2006లో ఆస్ట్రేలియాలో సరిగ్గా ఇదే పరీక్ష చేశారు. తల్లులకు తమ బిడ్డ డైపర్, ఇంకొకరి బిడ్డ డైపర్ రెండూ మూతపెట్టిన డబ్బాల్లో పెట్టి వాసన చూపించారు. ఏది ఎవరిదో చెప్పకపోయినా, చివరికి పేర్లు తారుమారు చేసి చెప్పినా, తల్లులకు తమ బిడ్డదే తక్కువ కంపుగా అనిపించింది. అసహ్యం అనేది రోగాల నుంచి కాపాడటానికి వచ్చింది. మలంలో నులిపురుగులు, టైఫాయిడ్, కలరా క్రిములు ఉంటాయి. సొంత బిడ్డ క్రిములు ఎలాగూ తల్లికి అలవాటే, పైగా వాణ్ని చూసి ముక్కు మూసుకునే తల్లి బిడ్డ బతకడం కష్టం, కాబట్టి అక్కడ అసహ్యం తగ్గింది. చంటిపిల్లల మలంలో క్రిములుండవని చాలామంది అనుకుంటారు, ఉంటాయి. ఎవరి బిడ్డదైనా సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఈ అసహ్యం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది డైపర్ దగ్గర ఆగదు. పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, చచ్చిన బొద్దింకను పూర్తిగా క్రిమిరహితం చేసి, పళ్లరసంలో ముంచి తీసి, తాగమని అడిగాడు. క్రిమి ఒక్కటి కూడా లేదని తెలిసినా జనం తాగలేకపోయారు. ఒక్కసారి తగిలితే చాలు, అంటుకుందనే అనిపిస్తుంది. తప్పుడు హెచ్చరికకు ఒంటికి పెద్ద నష్టం లేదు, నిజమైన రోగం తప్పించుకోకపోతే ప్రాణం పోతుంది, అందుకే మన బుర్ర అతిగా భయపడేటట్టే తయారైంది. వాలరీ కర్టిస్ అనే లండన్ శాస్త్రవేత్త దాదాపు 40,000 మందికి ఫొటోలు చూపించి అడిగితే, నీలం ద్రవం కంటే చీములా కనిపించే ద్రవమే అందరికీ ఎక్కువ అసహ్యం వేసింది.

బాధ ఎక్కడంటే, ఈ అతిభయాన్ని మనం మనుషుల మీదకి మళ్లించాం. మన ఊళ్ల టీకొట్లలో రెండు గ్లాసులు పెట్టింది ఏ క్రిమిని చూసి? ముందు ఒక కులాన్ని చేతులతో మలం ఎత్తే పనిలోకి తోసి, తర్వాత ఆ మనుషులనే చూసి ముక్కు మూసుకున్నాం. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం ఆ పనిని నిషేధించాయి. కోలార్ బంగారు గనుల్లో అలాంటి కుటుంబంలోనే పుట్టిన మన బెజవాడ విల్సన్ జీవితమంతా దాని మీదే పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. అయినా సెప్టిక్ ట్యాంకుల్లో దిగి చనిపోయేవాళ్ల వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయి. మలం మీద అసహ్యం ప్రకృతి ఇచ్చింది. మనిషి మీద అసహ్యం మనం నేర్పింది, చిన్నపిల్లలకు నూరిపోసింది. ఈ రెండూ ఒకటే అని ఎవరైనా సైన్సు పేరు చెబితే ఒప్పుకోకండి.

ప్రశ్న: చంకల్లో వాసన ఎక్కువ. అక్కడా కిందా వెంట్రుకలు ఎందుకున్నట్టు? పూర్తిగా తీసేయాలా?
— ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఒంటి మీద మామూలు చెమటకు పెద్దగా వాసన ఉండదు. చంకల్లో, జననాంగాల దగ్గర ఇంకో రకం గ్రంథులు యుక్తవయసులో పనిచేయడం మొదలుపెడతాయి, వాటి ద్రవానికీ వాసన లేదు, దాన్ని చర్మం మీది బాక్టీరియా తిన్నాక వస్తుంది. ఏబీసీసీ11 అనే ఒక జన్యువులో చిన్న తేడా వల్ల కొరియా, చైనా, జపాన్ ప్రజల్లో ఎక్కువమందికి చంక వాసన చాలా తక్కువ, చెవిలో గులిమి కూడా పొడిగా ఉంటుంది. అంటే నీకు వాసన రావడం నీ శుభ్రతకు మార్కులు కాదు. వెంట్రుకలు ఆ వాసనను పట్టి ఉంచడానికీ, రాపిడి తగ్గించడానికీ మిగిలాయని అంచనా. ఆసక్తి ఉంటే ఇంకో ముక్క: మన జననాంగాల దగ్గర పట్టే పేను, తలలో పేనుకు చెల్లెలు కాదు, గొరిల్లా పేనుకు చెల్లెలు. అది దాదాపు 33 లక్షల ఏళ్ల కిందట మన పూర్వీకులకు అంటుకుందని జన్యువుల లెక్క. తీసేయాలా వద్దా అన్నది పూర్తిగా నీ ఇష్టం. రేజరుతో చిన్న గాట్లు పడతాయి, కత్తెరతో పొట్టిగా కత్తిరించుకుంటే చాలు. వాసనలో ఒక్కసారిగా తేడా వస్తే మాత్రం డాక్టరుకు చూపించు.

ప్రశ్న: నాకు 52. ముట్లుడిగి రెండేళ్లయింది. "ఇక ఆ గొడవలేంటి, రామా కృష్ణా అనుకో" అంటున్నారు మా అక్క. భర్తతో దగ్గరగా ఉండాలనిపించడం తప్పా?
— ఒక అమ్మ, విశాఖపట్నం

జవాబు: తప్పు కాదండీ. పిల్లలు పుట్టడం ఆగాక కూడా దశాబ్దాలు బతికే ఆడజీవులు లోకంలో చాలా తక్కువ, మనమూ, కొన్ని రకాల తిమింగలాలూ, ఇంకా ఒకటి రెండూ. ఓర్కా తిమింగలాల్లో ఈనడం ఆగిపోయిన ముసలి తల్లులే, చేపలు కరువైనప్పుడు గుంపుకు దారి చూపుతాయి. టాంజానియాలో హద్జా జనంలో అమ్మమ్మలు తవ్వి తెచ్చే దుంపలతో మనవలు బాగా ఎదుగుతారని క్రిస్టెన్ హాక్స్ అనే పరిశోధకురాలు గమనించి, మనిషికి ఇంత ఆయుష్షు రావడానికి అమ్మమ్మలే కారణం అని వాదించింది. మీ వయసు అయిపోయిన వయసు కాదు. కోరికకూ ముట్టుకూ ముడి లేదు, పొడిబారడం వల్ల నొప్పి ఉంటే దానికి క్రీములూ జెల్లులూ ఉన్నాయి, గైనకాలజిస్టును మొహమాటం లేకుండా అడగండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ చుక్క రక్తం కనిపించినా, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా ఆ వారంలోనే చూపించుకోవాలి.